బిల్డింగ్ రెగ్స్ సర్టిఫికెట్ లేని ఎక్స్‌టెన్షన్: ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్న తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫర్ ఒప్పుకున్నారు, మార్ట్‌గేజ్ వచ్చింది, ఇక ఎక్స్ఛేంజే (కాంట్రాక్టులు మార్చుకోవడమే) తరువాయి అనుకుంటున్న సమయంలో సాలిసిటర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. వెనక కట్టిన కిచెన్ ఎక్స్‌టెన్షన్‌కి బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లీషన్ సర్టిఫికెట్ దొరకలేదు, అమ్మేవాళ్లు ఇండెమ్నిటీ పాలసీ ఇస్తామంటున్నారు, మీరేమంటారు అని. స్లౌ, రెడింగ్, హౌన్‌స్లో, ఈస్ట్ హామ్ లాంటి చోట్ల పాత ఇళ్లు చూస్తున్న మనవాళ్లలో చాలామందికి ఈ మెయిల్ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. అది చదివాక వచ్చే ప్రశ్నలే ఇవన్నీ. ఇక్కడ చెప్పేవి ఇంగ్లండ్ నిబంధనలు. మీ కేసులో చివరి మాట మీ సాలిసిటర్‌దే.

అసలు అలాంటి ఇల్లు కొనొచ్చా?

కొనొచ్చు. చట్టం అడ్డుపడదు. ఇలాంటి ఇళ్లు రోజూ అమ్ముడుపోతూనే ఉన్నాయి. సర్టిఫికెట్ లేదంటే కట్టడం చెడ్డదని అర్థం కాదు, దాన్ని బయటివాళ్లెవరూ చివరిదాకా పరీక్షించలేదని అర్థం. పునాది ఎంత లోతు తవ్వారో, గోడ తీసేసిన చోట ఏ బీమ్ పెట్టారో చెప్పడానికి బిల్డర్ నోటిమాట తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది కాగితం సంగతి కంటే ముందు కట్టడం సంగతి. చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేస్తారు. పాలసీ కాగితం చేతికి రాగానే సమస్య తీరిపోయిందనుకుంటారు.

ప్లానింగ్ పర్మిషన్ ఉందని ఏజెంట్ చెప్పాడు. అది చాలదా?

చాలదు. ప్లానింగ్ వాళ్లు చూసేది బయటి రూపం: ఎంత పెద్దది, ఎంత ఎత్తు, పక్కింటివాళ్ల వెలుతురుకి అడ్డమా, వీధిలో ఎలా కనిపిస్తుంది. బిల్డింగ్ రెగ్యులేషన్స్ చూసేది లోపలి సంగతి: పునాది, బీమ్‌లు, మంటలు వస్తే బయటపడే దారి, ఇన్సులేషన్, డ్రైనేజీ, కరెంటు. చట్టాలు కూడా వేరు. మొదటిది 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం కిందకి వస్తుంది, రెండోది 1984 నాటి బిల్డింగ్ చట్టం కిందకి.

మెలిక ఎక్కడంటే, చిన్న ఎక్స్‌టెన్షన్లకీ గదిగా మార్చిన చాలా లాఫ్ట్‌లకీ (అటకలకీ) 'పర్మిటెడ్ డెవలప్‌మెంట్' కింద ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. ఇల్లు అమ్మేవాళ్లు "దీనికి పర్మిషన్ అవసరం లేదు" అని నిజాయితీగానే చెప్పొచ్చు. ప్లానింగ్ వరకూ అది నిజమే కావచ్చు. బిల్డింగ్ రెగ్స్ మాత్రం అప్పుడూ కావాలి.

ప్లానింగ్ కూడా లేకపోతే దాని గడువులు వేరుగా నడుస్తాయి. 2024 ఏప్రిల్ 25 కంటే ముందు దాదాపు పూర్తయిన కట్టడానికి నాలుగేళ్లు దాటితే కౌన్సిల్ చర్య తీసుకోలేదు. ఆ తేదీ తర్వాత పూర్తయినవాటికి పదేళ్లు. లిస్టెడ్ బిల్డింగ్ అయితే గడువే లేదు. అలాంటి ఇంటికి అనుమతి లేకుండా ఏదైనా కట్టి ఉంటే ఇక్కడ చదవడం ఆపి నేరుగా సాలిసిటర్‌తో మాట్లాడండి.

మేము ఏ కాగితం అడగాలి?

కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ చూసిన పని అయితే 'కంప్లీషన్ సర్టిఫికెట్'. ప్రైవేటు ఇన్‌స్పెక్టర్లు చూసిన పని అయితే 'ఫైనల్ సర్టిఫికెట్'. ఈ ప్రైవేటు వాళ్లని ఇదివరకు అప్రూవ్డ్ ఇన్‌స్పెక్టర్లు అనేవారు, 2024 నుంచి రిజిస్టర్డ్ బిల్డింగ్ కంట్రోల్ అప్రూవర్లు అంటున్నారు.

అమ్మేవాళ్లు తరచుగా ఇచ్చేది వేరేది. ప్లాన్లు ఆమోదించిన ఉత్తరం, లేదా పని మొదలుపెడుతున్నామని ఇచ్చిన నోటీసు. వాటి మీద కౌన్సిల్ ముద్ర, రిఫరెన్స్ నంబరు అన్నీ ఉంటాయి కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ అవి పని మొదలైందనడానికి సాక్ష్యాలే తప్ప సరిగ్గా ముగిసిందనడానికి కావు.

అప్లై చేసి, మధ్యలో తనిఖీలు కూడా జరిగి, చివరి తనిఖీకి మాత్రం బిల్డర్ పిలవకుండా వదిలేసిన కేసులు చాలా ఉంటాయి. మీది ఆ కోవదైతే కొంత నయం. అమ్మేవాళ్లు కౌన్సిల్‌ని అడిగి పాత ఫైలు తెరిపించి చివరి తనిఖీ చేయించుకోవచ్చు. కొన్ని కౌన్సిళ్లు దానికి ఫీజు తీసుకుంటాయి. అసలు అప్లికేషనే పెట్టని కేసుతో దీన్ని కలపకండి. అది పూర్తిగా వేరే కథ.

మీ సాలిసిటర్ చేయించే లోకల్ సెర్చ్‌లో సీఓఎన్29 అనే ఫారం ఉంటుంది. బిల్డింగ్ రెగ్స్ రికార్డులు అందులో బయటపడతాయి. అమ్మేవాళ్లు నింపే టీఏ6 ఫారంలో మార్పులు చేర్పుల గురించి ఒక భాగం ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి మీరే చదవండి. ఫారంలో "మార్పులేమీ లేవు" అని ఉంటుంది, మీరు చూసొచ్చిన ఇంట్లో కిచెన్ పైకప్పు మీద స్కైలైట్ మెరుస్తూ ఉంటుంది. సాలిసిటర్ ఇంటికి రారు. ఆ స్కైలైట్ సంగతి ఆయనకి మీరు చెప్తేనే తెలుస్తుంది.

ఇండెమ్నిటీ పాలసీ ఇస్తామంటున్నారు. తీసుకుని ముందుకెళ్లొచ్చా?

తీసుకోండి, కానీ అదేమిటో తెలిసి తీసుకోండి. ఒక్కసారి ప్రీమియం కడితే చాలు, ఇల్లు చేతులు మారినా నడుస్తుంది, మామూలుగా అమ్మేవాళ్లే కడతారు. సర్టిఫికెట్ లేదన్న కారణంతో కౌన్సిల్ చర్య తీసుకుంటే దానివల్ల వచ్చే నష్టాన్ని, పాలసీలో రాసిన పరిమితి వరకు, భరిస్తుంది. అంతే. పైకప్పు కారితే, బీమ్ వంగితే, పునాది కుంగితే, వైరింగ్ కాలితే పైసా రాదు. హెల్మెట్ లేనందుకు పడే చలానా కట్టిపెట్టే పాలసీ లాంటిది ఇది. తలకి దెబ్బ తగిలితే దానికి సంబంధం లేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పాత గృహ ఎక్స్‌టెన్షన్ మీద, అది ప్రమాదకరంగా కనిపిస్తే తప్ప, కౌన్సిల్ అంత దూరం వెళ్లడం అరుదు. అంటే జరిగే అవకాశం తక్కువున్న నష్టానికి పాలసీ ఉంది, జరిగే అవకాశం ఎక్కువున్న నష్టానికి లేదు. ప్రీమియం తక్కువగా ఉండటానికి కారణం అదే. మరి ఎందుకు తీసుకోవడమంటే, లెండర్లు చాలామంది అడుగుతారు, రేపు మీరు అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.

షరతులు చదవండి. పని పూర్తయి కనీసం ఇంతకాలమై ఉండాలని చాలా పాలసీల్లో ఉంటుంది. నిన్నమొన్న కట్టినదానికి పాలసీ దొరకడం కష్టం.

మేమే కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కుంటే?

ఆగండి. ఫలానా ఇల్లు అని చెప్పి కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌తో మాట్లాడారంటే, ఆ తర్వాత ఇండెమ్నిటీ పాలసీ దొరకదు, తీసుకున్నది ఉంటే చెల్లకుండా పోవచ్చు. కౌన్సిల్ దృష్టికి విషయాన్ని తీసుకెళ్లింది మీరే అవుతారు కదా. మీరే కాదు, అమ్మేవాళ్లు ఫోన్ చేసినా, అత్యుత్సాహంతో మీ సర్వేయర్ మెయిల్ పెట్టినా ఇదే ఫలితం. సాలిసిటర్ చేయించే మామూలు సెర్చ్‌లతో ఈ ఇబ్బంది ఉండదు.

పాలసీ దారిలో వెళ్తారా, రెగ్యులరైజేషన్ (కట్టేసిన పనికి తర్వాత కౌన్సిల్ తనిఖీ చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవడం) దారిలో వెళ్తారా అన్నది ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ఫోన్ ముట్టుకోండి.

పాలసీ వద్దు, రెగ్యులరైజేషన్ చేయించమంటే? మన దగ్గర బీఆర్ఎస్ లాంటిదా అది?

హైదరాబాద్ వాళ్లకి వెంటనే గుర్తొచ్చేది 2015లో వచ్చిన బీఆర్ఎస్. పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. ఆంధ్రలో బీపీఎస్. ప్రభుత్వం ఒక తేదీ ప్రకటించి, ఆలోపు అతిక్రమణలకి జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పద్ధతి అది. ఇంగ్లండ్‌లో అలాంటి మేళా ఏదీ రాదు. "ఎప్పుడో ఒక స్కీమ్ వస్తుందిలే" అన్న ఆశ ఇక్కడ పెట్టుకోకండి.

ఇక్కడి రెగ్యులరైజేషన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కానీ డబ్బు కడితే అయిపోయేది కాదు. 1985 నవంబర్ 11 నుంచి అనుమతి లేకుండా జరిగిన పనులకి ఇంటి యజమాని కౌన్సిల్‌కి అప్లై చేయొచ్చు. ప్రైవేటు ఇన్‌స్పెక్టర్లు ఈ సర్టిఫికెట్ ఇవ్వలేరు. ఫీజు మామూలు అప్లికేషన్ కంటే ఎక్కువ, దాని మీద వ్యాట్ ఉండదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి కప్పెట్టినవాటిని తెరిచి చూపించమంటారు. గోడ పక్కన గుంట తవ్వి పునాది చూపించాలి. ప్లాస్టర్‌బోర్డు కోసి బీమ్, ఇన్సులేషన్ చూపించాలి. కరెంటు పనికి టెస్ట్ రిపోర్టు, బీమ్‌కి స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్కలు అడగొచ్చు. కొలిచేది మాత్రం ఆ పని జరిగినప్పుడు ఉన్న నిబంధనలతో. 2005లో కట్టినదాన్ని ఇవాళ్టి ఇన్సులేషన్ ప్రమాణాలతో కొలవరు. చాలామందికి ఇది తెలియక అనవసరంగా భయపడతారు.

అమ్మేవాళ్లు ఎందుకు వెనకాడతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కొత్త కిచెన్ టైల్స్ పగలగొట్టాలి, వారాలు పడుతుంది, చివరికి ఫెయిలయితే సమస్య అధికారికంగా కౌన్సిల్ రికార్డులోకి ఎక్కినట్టే. కొనేవాళ్లు వెళ్లిపోయినా ఆ రికార్డు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. మీ వైపు నుంచి చూస్తే మార్ట్‌గేజ్ ఆఫర్‌కి గడువుంటుంది. వీసా, కొత్త ఉద్యోగం, పిల్లల స్కూలు అడ్మిషన్ తేదీలు దాని మీద ఆధారపడి ఉంటే ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు. అందుకే చాలా కేసులు పాలసీతోనే ముగుస్తాయి. అది తప్పు కాదు, ఇంజినీర్ చూసి బాగుందన్నాక ముగిస్తే.

కౌన్సిల్ వచ్చి కూలగొట్టమంటే? తప్పు చేసింది పాత యజమాని కదా?

ప్రాసిక్యూషన్ పని చేసినవాళ్ల మీద. సరిచేయమనే నోటీసు మాత్రం ఇప్పటి యజమానికి వస్తుంది, అంటే కొన్నాక మీకు. బిల్డింగ్ చట్టం సెక్షన్ 36 కింద ఇచ్చే ఈ నోటీసుకి ఇదివరకు పని పూర్తయిన తేదీ నుంచి 12 నెలలే గడువు. "ఏడాది దాటింది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు" అని ఏజెంట్లు ఇప్పటికీ చెప్పేది ఆ పాత లెక్కే. గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత వచ్చిన 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం దాన్ని పదేళ్లకి పెంచింది. ఇంగ్లండ్‌లో 2023 అక్టోబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. అంతకుముందే ముగిసిన పనికి ఏ గడువు వర్తిస్తుందో, పని పూర్తయిన తేదీ చెప్పి సాలిసిటర్‌ని అడగండి.

గడువు దాటినా తలుపు పూర్తిగా మూసుకోదు. కట్టడం ప్రమాదకరంగా ఉంటే కౌన్సిల్ కోర్టుకెళ్లి ఆదేశం తెచ్చుకోవచ్చు. ప్రమాదకర కట్టడాల కోసం సెక్షన్ 77 వేరే ఉంది. మళ్లీ మొదటికే వచ్చాం: కట్టడం బాగుంటే ఇవేవీ మీ దాకా రావు.

బ్యాంకు వాల్యుయేషన్ చేయించింది. ఇంకో సర్వే ఎందుకు?

బ్యాంకు వాల్యుయేషన్ బ్యాంకు కోసం. అప్పు తీరకపోతే ఈ ఇల్లు అమ్మి డబ్బు రాబట్టుకోవచ్చా అన్నదే వాళ్ల ప్రశ్న. వాల్యుయర్ కొన్నిసార్లు ఇంటి దాకా రాడు కూడా.

ఎక్స్‌టెన్షన్ ఉన్న పాత ఇంటికి ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) లెవెల్ 3 సర్వే, అంటే అన్నిటికంటే వివరమైనది, చేయించండి. లెవెల్ 2తో మిగిలే డబ్బు ఇలాంటి ఇంట్లో మిగుల్చుకోవాల్సిన డబ్బు కాదు. సర్వేయర్‌కి ముందే ఫోన్ చేసి "ఈ భాగానికి సర్టిఫికెట్ లేదు, దీని మీదే దృష్టి పెట్టండి" అని చెప్పండి. అయితే సర్వేయర్ గోడలు తెరవడు, కంటికి కనిపించేదే రాస్తాడు. గోడ తీసేసిన చోటో, లాఫ్ట్ ఫ్లోరు దగ్గరో అనుమానం ఉంటే చార్టర్డ్ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని విడిగా పిలవాలి. చిన్న రంధ్రం చేసి బీమ్ చూడటానికి యజమాని అనుమతి కావాలి. "పని సరిగ్గానే చేయించాం" అని గట్టిగా చెప్పే యజమాని ఆ రంధ్రానికి ఒప్పుకోకపోతే, అదీ ఒక జవాబే.

మీరు చూడటానికి వెళ్లినప్పుడు కూడా కొన్ని కంటికి ఆనతాయి. కొత్త గోడ పాత ఇంటిని కలిసే చోట పైనుంచి కింద దాకా పగులుందా? ఆ పక్క తలుపు బిగుసుకుంటోందా? లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేల ఎక్కువ. ఎండాకాలం ముడుచుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది, పెద్ద చెట్టు పక్కనుంటే మరీ. అసలు ఇంటి పునాది ఒక లోతులో, ఎక్స్‌టెన్షన్ పునాది తక్కువ లోతులో ఉంటే రెండూ వేర్వేరుగా కదులుతాయి, పగులు సరిగ్గా అతుకు దగ్గరే వస్తుంది. ఫ్లాట్ రూఫ్ కింద మూలల్లో నల్లటి బూజు ఉంటే పైకప్పులో ఇన్సులేషనో, గాలి ఆడే దారో సరిగ్గా లేదని అనుమానించాలి. రోజూ పోపు, పప్పు, అన్నం ఆవిరి పట్టే మన వంటిళ్లలో ఆ బూజు ఇంకా త్వరగా పెరుగుతుంది. ఈ మధ్యే రంగు వేసిన ఒక్క గోడ మీదా ఓ కన్నేసి ఉంచండి.

ఎక్స్‌టెన్షన్ ఈశాన్యం వైపు పెరిగిందా నైరుతి వైపు పెరిగిందా అని దిక్సూచి పట్టుకుని చూసేవాళ్లు, అదే ఉత్సాహంతో ఆ పగులు కూడా చూస్తే బాగుంటుంది.

నాలుగు బెడ్‌రూమ్‌లన్నారు. నాలుగోది లాఫ్ట్‌లో ఉంది, సర్టిఫికెట్ లేదు.

అన్నిట్లోకీ నేను ఎక్కువ జాగ్రత్త పడమనేది ఇక్కడే. మిగతా లోపాలతో డబ్బు పోతుంది, ఇక్కడ ప్రాణం సంగతి ఉంది.

ఎస్టేట్ ఏజెంటు ప్రకటనలో మాట చూడండి. 'బెడ్‌రూమ్' అని కాక 'లాఫ్ట్ రూమ్', 'హాబీ రూమ్' అని రాసి ఉంటే సర్టిఫికెట్ లేదని ఏజెంటుకి తెలిసే ఉండొచ్చు. మంచం వేసి ఫొటో తీస్తారు, పేరు మాత్రం బెడ్‌రూమ్ అనరు.

మామూలు అటక కింద ఉండే కట్టెలు కింది సీలింగ్‌ని మోయడానికి పెట్టినవి, మంచం, బీరువా, మనుషుల బరువుకి కాదు. సరైన లాఫ్ట్ కన్వర్షన్‌లో విడిగా కొత్త జాయిస్టులు (ఫ్లోరుని మోసే దూలాలు), అవసరమైన చోట స్టీల్ బీమ్‌లు పెట్టి కొత్త ఫ్లోరు కడతారు. రూఫ్‌లో అడ్డంగా ఉండే కట్టెల్ని తల తగులుతోందని కోసేసి ఉంటే రూఫ్ బరువు గోడల్ని బయటికి నెడుతుంది.

రెండోది మంటలు. రెండంతస్తుల ఇంటి మీద మూడో అంతస్తు వేస్తే, అక్కడ నిద్రపోయేవాళ్లు కిటికీలోంచి దూకలేరు. అందుకే లాఫ్ట్ నుంచి వీధి తలుపు దాకా మెట్ల దారిని మంట తాకకుండా కాపాడాలి. గదులకి ఫైర్ డోర్లు, ప్రతి అంతస్తులో కరెంటుకి కలిపి, ఒకటి మోగితే అన్నీ మోగే స్మోక్ అలారాలు, మెట్ల కింద హాలు గోడలు మూసి ఉండటం. వెలుతురు కోసం హాలు గోడ తీసేసి ఓపెన్ ప్లాన్ చేసిన ఇంట్లో మెట్లు నేరుగా లివింగ్ రూమ్‌లోకి దిగుతాయి. చూడటానికి ఎంత బాగున్నా, రాత్రి సోఫా అంటుకుంటే పైనున్న పిల్లలకి దారి అదొక్కటే.

కాబట్టి సర్టిఫికెట్ లేని లాఫ్ట్ ఉన్న ఇంటిని మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లుగా, పైన సామాను పెట్టుకునే చోటుగా లెక్కవేసి ధర కట్టండి. వాల్యుయర్ కూడా తరచుగా అలాగే కడతాడు. కొన్నాక ఇంజినీర్ చూసి, ఫైర్ పనులు చేయించి, రెగ్యులరైజ్ అయ్యేదాకా అందులో ఎవర్నీ పడుకోబెట్టకండి, దీపావళికి వచ్చిన చుట్టాలనైనా సరే.

అమ్మానాన్నల కోసం గరాజ్‌ని గదిగా మార్చిన ఇల్లు చూశాం. దానికీ సర్టిఫికెట్ కావాలా?

కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆరు నెలలు వచ్చి ఉంటారు కాబట్టి కింద గది, పక్కనే షవర్ ఉన్న ఇల్లంటే మనకి ప్రాణం లేచొస్తుంది. ఆ గది గరాజ్ మార్చినదైతే నేలలో చెమ్మ ఆపే పొర వేశారా, గరాజ్ తలుపు తీసేసి కట్టిన గోడకి పునాది ఉందా, ఒంటి ఇటుక గోడలకి ఇన్సులేషన్ చేశారా అన్నవి చూడాలి. చేయకపోతే జనవరిలో ఆ గదిలో పెద్దవాళ్లు ఉండలేరు. మరో సంగతి: కొత్త ఎస్టేట్లలో గరాజ్‌ని మార్చకూడదని అసలు ప్లానింగ్ పర్మిషన్‌లోనే షరతు ఉండొచ్చు. సాలిసిటర్‌ని అది వెతకమనండి.

గోడ తీసేసి రెండు గదులు ఒకటి చేశారు. చిమ్నీ కూడా తీసేశారు. ఇది ఎక్స్‌టెన్షన్ కాదు కదా?

కాకపోయినా బరువు మోసే గోడ తీస్తే బిల్డింగ్ రెగ్స్ కావాలి. చిమ్నీ బ్రెస్ట్ (గదిలోకి పొడుచుకొచ్చే చిమ్నీ ఇటుక కట్టడం) సంగతి మరీ మోసం. కింది గదిలో తీసేస్తారు, పై గదిలోనో అటకలోనో మిగతా ఇటుకల బరువంతా వేలాడుతూ ఉంటుంది. కింద దాన్ని మోసేది ఏమిటో చూడాలి. అటకలోకి తొంగి చూడమని సర్వేయర్‌కి ప్రత్యేకంగా చెప్పండి.

కన్సర్వేటరీకి సర్టిఫికెట్ లేదంటున్నారు.

చాలావాటికి అక్కర్లేదు. నేల మీద కట్టి, 30 చదరపు మీటర్ల లోపు ఉండి, ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపు లాంటి తలుపో గోడో ఉండి, ఇంటి హీటింగ్‌ని అందులోకి పొడిగించకపోతే మినహాయింపు ఉంది. ఆ మధ్య తలుపు తీసేసి కిచెన్‌లో కలిపేసినా, గాజు కప్పు తీసి బరువైన కప్పు వేసినా లెక్క మారుతుంది.

కిటికీలు, బాయిలర్, వైరింగ్ కాగితాలు కూడా లేవు.

వీటికి టెన్షన్ పడకండి. 2002 ఏప్రిల్ తర్వాత మార్చిన కిటికీలకి ఫెన్సా (కిటికీలు బిగించేవాళ్ల రిజిస్ట్రేషన్ పథకం) లాంటి సర్టిఫికెట్ ఉండాలి, పోతే కొద్ది ఫీజుతో నకలు తెప్పించుకోవచ్చు. గ్యాస్‌కి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీర్, కరెంటుకి ఈఐసీఆర్ టెస్ట్ (ఇంటి వైరింగ్ పరిస్థితి రిపోర్టు). కాగితం వెతకడం కంటే టెస్ట్ చేయించడమే మేలు.

మురుగు పైపు మీద కట్టారేమో తెలియదు.

వాటర్ కంపెనీ పబ్లిక్ సీవర్‌కి (మురుగు పైపుకి) మూడు మీటర్ల లోపు కడితే బిల్డ్ ఓవర్ అగ్రిమెంట్, అంటే పైపు మీద కట్టడానికి కంపెనీ ఒప్పందం, అడుగుతారు. 2011 అక్టోబర్ 1న ఇళ్లు పంచుకునే పైపులు చాలావరకు వాటర్ కంపెనీల చేతికి వెళ్లాయి కాబట్టి, వరస ఇళ్ల వెనక ఎక్స్‌టెన్షన్లలో ఇది తరచుగా తగులుతుంది. మీ డ్రైనేజీ సెర్చ్‌లో మ్యాపు వస్తుంది. ఎక్స్‌టెన్షన్ లోపల నేల మీద మ్యాన్‌హోల్ మూత ఉందా చూడండి, కార్పెట్ కింద కూడా.

వెనక తోటలో కట్టిన గదిని అద్దెకిస్తున్నామని అమ్మేవాళ్లే చెప్పారు. మంచి ఆదాయం కదా?

ఆ ఆదాయాన్ని లెక్కలోంచి తీసేయండి. 15 చదరపు మీటర్ల లోపు విడి గదికి మినహాయింపు ఉన్నది అందులో ఎవరూ పడుకోనప్పుడే. షెడ్డుల్లో మనుషుల్ని పెట్టి అద్దె వసూలు చేయడం మీద కౌన్సిళ్లు గట్టిగానే ఉంటాయి. 2013లో స్లౌ కౌన్సిల్ ఇలాంటివి పట్టుకోవడానికి విమానం మీద నుంచి వేడిని పసిగట్టే కెమెరాతో ఊరంతా ఫొటోలు తీయించింది.

లెండర్‌కి ఈ విషయం చెప్పాలా?

మీ సాలిసిటర్ మామూలుగా లెండర్ తరఫున కూడా పనిచేస్తారు, కాబట్టి లెండర్ నియమాల ప్రకారం వాళ్లే చెప్తారు. కొందరు పాలసీతో ఒప్పుకుంటారు, కొందరు ఇంజినీర్ రిపోర్టు అడుగుతారు. ధర తగ్గించుకుంటే అదీ లెండర్‌కి తెలియాలి. ఇంటి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కూడా వాళ్లు అడిగిన ప్రశ్నలకి ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రీమియం కాస్త పెరగొచ్చు, క్లెయిమ్ తిరగ్గొడితే అంతకంటే ఎక్కువ పోతుంది.

ధర ఎంత తగ్గించమనాలి?

ఇంత శాతం అని సూత్రం లేదు. ఇంజినీర్ రిపోర్టు చేతిలో పెట్టుకుని అడగండి: సరిచేయడానికి ఇంత, రెగ్యులరైజేషన్ ఫీజు ఇంత, పగలగొట్టి మళ్లీ వేసే ప్లాస్టరు, రంగు ఇంత అని. "సర్టిఫికెట్ లేదు కాబట్టి ఇరవై వేలు తగ్గించండి" అంటే ఏజెంటు నవ్వేస్తాడు. బిల్డర్ ఇచ్చిన కొటేషన్ చూపిస్తే నవ్వడు. బేరం ఎక్స్ఛేంజ్ లోపే. అప్పటిదాకా ఇరువైపులా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, ఎక్స్ఛేంజ్ అయ్యాక డిపాజిట్ పోతుంది.

ఎక్స్‌టెన్షన్ 1970లలోది. దానికీ ఇంత హడావుడి అవసరమా?

అంత అవసరం లేదు. 1985 నవంబర్ కంటే ముందుదైతే రెగ్యులరైజేషన్ దారే లేదు, అప్పటి రికార్డులు చాలా కౌన్సిళ్లలో దొరకవు. అన్నేళ్లు పగులు లేకుండా నిలబడిందంటే అదే మంచి సాక్ష్యం. సర్వే చేయించి ముందుకెళ్లండి.

అమ్మినవాళ్లు ఫారంలో అబద్ధం రాశారని కొన్నాక తెలిస్తే?

1967 మిస్‌రిప్రజెంటేషన్ చట్టం కింద నష్టపరిహారం అడగొచ్చు. కానీ "తెలియదు" అన్న జవాబుని అబద్ధమని నిరూపించడం కష్టం, చాలామంది తెలివిగా అదే రాస్తారు. టీఏ6, ప్రకటన, ఏజెంటు మెయిళ్లు అన్నీ దాచుకోండి. ఫోన్‌లో చెప్పినదాన్ని అదే రోజు "మీరు ఇలా అన్నారు" అని మెయిల్ పెట్టి రాతలోకి తెచ్చుకోండి.

స్కాట్లండ్‌లో కొంటున్నాం. ఇవే వర్తిస్తాయా?

వర్తించవు. అక్కడ పని మొదలుపెట్టే ముందే బిల్డింగ్ వారెంట్ తీసుకోవాలి, కొనే విధానం కూడా వేరు. అక్కడి సాలిసిటర్‌ని అడగండి.

పాలసీ తీసుకుని కొన్నాం. ఇప్పుడు మేమే రెగ్యులరైజ్ చేయించుకుంటే?

చేయించుకోవచ్చు. అప్లికేషన్ పెట్టిన రోజే పాలసీ రక్షణ పోయినట్టు లెక్కేసుకోండి. అందుకని ముందు మీ సొంత ఇంజినీర్‌తో చూపించి, లోపాలుంటే ఏమేం చేయాలో ఖర్చుతో సహా తెలుసుకున్నాకే కౌన్సిల్‌కి వెళ్లండి. అనువైన సమయం కిచెన్ మార్చేటప్పుడు. ఎలాగూ క్యాబినెట్లు ఊడదీస్తారు, గోడలు బయటపడతాయి, ఇన్‌స్పెక్టర్ అడిగినవి చూపించడానికి మళ్లీ పగలగొట్టక్కర్లేదు. బిల్డర్‌కి చివరి వాయిదా మాత్రం కౌన్సిల్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే ఇవ్వండి. ముందే ఇచ్చేస్తే చివరి తనిఖీకి పిలవాలన్న తొందర అతనికి ఉండదు.